బంగారమే చూపించే అద్దం

రోజూ పొద్దున తొమ్మిదింటికి అన్నయ్య షట్టర్ ఎత్తుతాడు, వదిన ఇనప్పెట్టె ముందు నిలబడి నగలు వేసుకుంటుంది, చెల్లెలు తన మూలకెళ్ళి స్టూలు దులుపుకుంటుంది. అది బంగారం కొట్టు. ఆ మూల మాత్రం బంగారానిది కాదు. అక్కడ చెల్లెలు తను చేసిన అల్యూమినియం కమ్మలు, గాజులు పరుచుకుని కూర్చుంటుంది. ఇంటి వెనక వసారాలో రేకు కత్తిరించి, ఆకురాయితో అంచులు అరగదీసి, యాసిడ్ తొట్టిలో ముంచి కరెంటు పెట్టి, రంగులో నానేసి, ఆ రంగు పోకుండా మరిగే నీళ్ళలో ఉడకబెడుతుంది. చిలకాకుపచ్చ, వంకాయరంగు, నారింజ. వేళ్ళు ఏ రోజు ఏ రంగులో ఉంటాయో ఆమెకే తెలీదు. అన్నయ్య ఆమెని రేకులరాణి అంటాడు, సగం ముద్దు, సగం ఎగతాళి.

కమ్మలు బాగుంటాయి. అబద్ధమెందుకు, చాలా బాగుంటాయి. అయినా ఎనిమిది నెలల్లో ఒక్క జత కూడా అమ్ముడుపోలేదు. అంతా ఆ అద్దం వల్ల.

కొట్టు గోడకి నిలువెత్తు అద్దం ఉంది, తాతల నాటిది. ఏళ్ళ తరబడి బంగారాన్నే చూసి చూసి, అది ఇంకేదీ చూపించడం మానేసింది. ఎదురుగా నిలబడితే మనిషి కనపడదు, మెళ్ళో గొలుసొక్కటే గాల్లో వేలాడుతూ కనపడుతుంది. వచ్చేవాళ్ళకి అది మామూలే. అన్నయ్యకైతే మహా ఇష్టం. మొహం కనపడకపోతే బేరం తొందరగా తెములుతుందంటాడు.

రేకులరాణి దగ్గరికి వచ్చినవాళ్ళు కమ్మలు చేతిలోకి తీసుకుని, అబ్బ ఎంత తేలిగ్గా ఉన్నాయో అని మురిసిపోతారు. చెవులకి పెట్టుకుని అద్దంలోకి చూస్తారు. అక్కడేముంటుంది, నా మొహం! నప్పలేదమ్మా అని తీసిచ్చేసి వెళ్ళిపోతారు. ఏం చూసి నప్పలేదన్నారో ఆ దేవుడికే తెలియాలి. తప్పు అద్దానిదని మొదట్లో చెప్పి చూసింది. ఇంత పాత అద్దం తప్పెందుకు చూపిస్తుందమ్మా అని ఆమెకే నీతులు చెప్పారు.

ఇంకో అద్దం పెట్టుకోవచ్చుగా అంటారేమో, అదీ అయింది. ఇంటి నుంచి చేతి అద్దం తెచ్చి పెట్టింది. వారం తిరక్కుండా అది పెద్దదాన్ని చూసి నేర్చుకుంది. సావాసదోషం, ఏం చేస్తాం. రెండోది తెచ్చింది, నాలుగు రోజులు కూడా ఆగలేదు.

వదినది ఇంకో కథ. పన్నెండేళ్ళుగా ఆవిడ ఆ కొట్టుకి నడిచే షోకేసు. హారం, నాలుగు వరసల గొలుసు, బుట్టకమ్మలు వేసుకుని సాయంత్రం దాకా అన్నయ్య కుర్చీ వెనకాల నిలబడాలి. నగ చూపిస్తే చాలు, మాట్లాడక్కర్లేదని అన్నయ్య కట్టడి. ఆయన కుర్చీ అద్దానికి ఎదురుగా ఉంటుంది. భార్యకి ఏం చెప్పాలన్నా అద్దంలో హారాన్ని చూసి చెప్తాడు, తల తిప్పే పనిలేదు.

ఒక సోమవారం అన్నయ్య చెల్లెలికి తేల్చి చెప్పేశాడు. "శనివారం సాయంత్రానికి ఒక్క జత అమ్మి, బిల్లు మీద నా ముద్ర వేయించుకో. లేదంటే ఆ మూలలో ముక్కుపుడకల అర పెడతాను. నువ్వే కూచుని అమ్ముదువుగాని."

రోజంతా ముక్కుపుడకలు అమ్మి ఇంటికెళ్ళాక తొట్టి ముందు కూర్చునే ఓపిక ఎక్కడిది? ఆ పని అక్కడితో సరి. రేకులరాణికి ఆ సంగతి తెలుసు, అందుకే వారమంతా తిండి సయించలేదు. మంగళవారం నుంచి తొమ్మిదిమంది వచ్చారు. తొమ్మిదిమందీ అద్దంలోకి చూశారు, తొమ్మిదిమందికీ నప్పలేదు.

శనివారం సాయంత్రం ఒళ్ళు మండిపోయి కమ్మలన్నీ అట్టపెట్టెలోకి విసిరేస్తోంది. వదిన అప్పటికే నగలన్నీ తీసి ఇనప్పెట్టెలో పెట్టేసింది. బోసి మెడతో మూల దగ్గరికి వచ్చి, ఆ ఆకుపచ్చవి ఇలా ఇవ్వమంది. పెట్టుకుని, అలవాటు కొద్దీ అద్దం వైపు తిరిగింది. అద్దం ఖాళీగా ఉంది.

"ఎలా ఉన్నాను?"

"దాన్నే అడుగు వదినా, అందరూ దాన్నేగా అడిగేది."

"దాన్ని పన్నెండేళ్ళు అడిగాను. నువ్వు చెప్పు."

రేకులరాణి విసుగ్గా తలెత్తి చూసింది. చేతిలో కమ్మలు కింద పెట్టి దగ్గరికొచ్చింది.

"బరువుకి చెవి తమ్మెలు సాగిపోయాయి వదినా, కుడిది మరీను. ఈ కమ్మ దాన్ని లాగట్లేదు. నీ చామనఛాయకి ఆకుపచ్చ భలే నప్పింది. నీ మెడ ఇంత పొడుగని నేనెప్పుడూ చూళ్ళేదు."

ఆ మాట అన్నాక సిగ్గేసింది. ఎనిమిది నెలలుగా అద్దాన్ని తిట్టడమే గానీ, వచ్చినవాళ్ళతో పాటు తనూ అందులోకే చూసింది. ఒక్కరి మొహంలోకీ చూడలేదు.

వదిన బిల్లు రాయమంది, తన చేతిసంచీలోంచే డబ్బు తీసిచ్చింది. తాళాల హడావిడిలో ఉన్న అన్నయ్య, ఎవరు కొన్నారని కూడా అడక్కుండా, తలెత్తకుండానే ముద్ర కొట్టేశాడు.

సోమవారం పొద్దున వదిన నగలన్నీ ఒక నిలువెత్తు చెక్కబొమ్మ మెడకీ చెవులకీ తగిలించి, దాన్ని అన్నయ్య కుర్చీ వెనకాల నిలబెట్టింది. తను ఇంకో స్టూలు లాక్కుని మూలలో కూర్చుంది. ఎవరైనా కమ్మలు పెట్టుకుని అద్దం వైపు తిరగబోతే, గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, ఉన్నదున్నట్టు చెప్పింది. మీ గుండ్రటి మొహానికి ఇవి వద్దు, పొడుగువి పెట్టుకోండి అంది ఒకావిడతో. ఆవిడ కోప్పడలేదు, పొడుగువి కొనుక్కుంది. ఇన్నేళ్ళూ నోరు మూసుకుని వదిన ఎన్ని మొహాలు చూసిందో! మధ్యాహ్నానికి మూడు జతలు పోయాయి.

అన్నయ్య అద్దంలోకి చూశాడు. హారం ఉంది, గొలుసు ఉంది, బుట్టకమ్మలున్నాయి. ఏ తేడా లేదు.

అన్నం తిన్నావా అని హారాన్ని అడిగాడు. హారం పలకలేదు. మళ్ళీ అడిగాడు. అప్పుడు తల తిప్పాడు. చెక్కబొమ్మని చూసి తికమకపడి, కొట్టంతా కలయజూశాడు. మూలలో ఆకుపచ్చ కమ్మలు పెట్టుకున్న పొడుగు మెడ మనిషి కనపడింది. గబగబా లేచి నిలబడ్డాడు.

"రండమ్మా, కూర్చోండి. ఏం చూపించమంటారు?"

"ఏమీ వద్దండీ," అంది వదిన. "నేనిక్కడ పని చేస్తున్నాను."

అని, ఎదురుగా ఉన్నావిడ చెవికి నారింజ కమ్మ తగిలించింది.