మరిడయ్య మొలతాడు

ఎనభై ఆరులో గోదావరి గట్లు తెంచుకుని లంకలు ముంచింది. నేను ఆ వరద ఏడు పుట్టాను. నేను ఒక వెండి మొలతాడును. అంతకుముందు ఒక ముసలమ్మ కాళ్ల కడియాలను. వరదకు ఆమె ఇల్లు పోయింది, గేదెలు పోయాయి. కాళ్లకున్నవి మిగిలాయి. నీళ్లు తీశాక వాటిని ఊడదీసి కంసాలి కామాచారి ముందు పెట్టింది.

"మావోడి పెళ్లి బాబూ. మొలతాడు చెయ్యి."

కరిగించాడు, తీగ లాగాడు, అల్లాడు. అంతే నా పుట్టుక.

ఆ కొడుకు మరిడయ్య. కొబ్బరికాయలు దింపేవాడు. అప్పుడు ఎండిన కమ్మలా ఉండేవాడు. కాళ్లకు తాడు వేసుకుని, కత్తి నాలో దోపుకుని చెట్టెక్కేవాడు. ఆయనతో నేనూ ఎక్కేదాన్ని. దిగి వచ్చాక భార్య నూకరత్నం కంచం నిండా గుట్టగా అన్నం పెట్టేది. అది అయ్యాక ఇంకో గుట్ట. అదంతా ఎక్కడికి పోయేదో నాకు తెలియదు. నేను వదులుగానే ఉండేదాన్ని.

ఎంత వదులంటే, ఒకసారి చెట్టు మీద ఉండగా కొక్కెం ఊడి కాలవలో పడ్డాను. మరిడయ్య మునిగి మునిగి వెతికి తెచ్చాడు. కామాచారి ఆ కొక్కేన్ని అతికేశాడు.

"ఇంక ఊడదు. కాళ్లలోంచి ఎక్కించుకోరా."

సులువుగా ఎక్కాను. దిగే సంగతి ఎవరూ ఆలోచించలేదు.

తర్వాత మరిడయ్య చెట్లెక్కడం మానేసి కాయల వ్యాపారం పెట్టాడు. ఎక్కేవాళ్లు వేరు, ఒలిచేవాళ్లు వేరు. ఆయనకొక ప్లాస్టిక్ కుర్చీ. ఇంటి నుంచి కొట్టుకు మోపెడు. వచ్చిన ప్రతి బేరగాడితోనూ ఒక టీ, సాయంత్రం పొట్లం పకోడీ. ఊళ్లోవాళ్లు చూసి, "ఒళ్లు చేశావయ్యా, ఇప్పుడు కళొచ్చింది" అనేవారు. మనుషులు చిత్రమైనవాళ్లు. గొడ్డు చిక్కిపోతే బెంగపడతారు. మనిషి ఉబ్బిపోతే దిష్టి తీస్తారు.

కొన్నాళ్లకు నేను ఆయన కంటికే కనబడకుండా పోయాను. పొట్ట మడతలో ఇరుక్కున్నాను. చీకటి, చెమట. నాకూ ఊపిరాడేది కాదు, ఆయనకూ ఆడేది కాదు.

అరవై దగ్గర పడ్డాక బొడ్డు పక్కన నిమ్మకాయంత గడ్డ లేచింది. దగ్గితే పొడుచుకొచ్చేది, పడుకుంటే లోపలికి పోయేది. టౌను ఆసుపత్రిలో డాక్టరమ్మ నొక్కి చూసింది.

"పేగు బయటికి తోసుకొస్తోంది తాతగారూ. హెర్నియా. ఆపరేషన్ చెయ్యాలి. ముందు పొట్ట తగ్గాలి, లేకపోతే కుట్టు నిలవదు. ఈలోపు పేగు ఇరుక్కుందా, ప్రాణం మీదికొస్తుంది. పరిగెత్తుకు రండి. ఈ మొలతాడూ తీసెయ్యాలి."

నర్సమ్మ నన్ను కిందికి లాగింది. కదల్లేదు. కత్తెర తెచ్చింది. మరిడయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"తెంపద్దండి."

మా వైపు మగవాడి మొలతాడు తెంపేది భార్య పోయిన రోజునే. ఆ భార్య పక్కనే నిలబడి ఉంది.

"నేనేం చచ్చిపోన్లే," అంది నూకరత్నం. "తెంపించుకో. మళ్లీ అతికిద్దాం."

"వద్దన్నానా."

డాక్టరమ్మ నవ్వింది. "సరే. పొట్ట తగ్గితే అదే జారుతుంది. ఏం తింటారేంటి?"

"ఎక్కువేం తిననండి. కుర్రప్పట్నించీ ఇంతే."

"అదే చిక్కు. చెట్టెక్కిన రోజుల అన్నమే తింటున్నారు. చెట్టే ఎక్కట్లేదు."

మరిడయ్యకు తోచిన ఉపాయం ఒకటే, శనివారం ఒంటిపూట. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. బదులుగా పెసరట్లు, వాటిలో ఉప్మా, మీద అల్లం పచ్చడి, ఆపైన అరటిపళ్లు, పంచదార వేసిన పాలు. ఫలహారం తిండి కిందికి రాదని ఆయన నమ్మకం. నేను కాస్త బిగిశాను. శనివారం ఒక్కటీ చాలలేదనుకుని సోమవారం కూడా పట్టాడు. ఇంకా బిగిశాను.

అలా ఉండగా మేనల్లుడి గృహప్రవేశం వచ్చింది. మేనల్లుడు బొబ్బట్ల పళ్లెం పట్టుకుని నెత్తి మీద నిలబడ్డాడు.

"నా చేత్తో పెడతంటే కాదంటావా మావయ్యా? కొత్తింట్లో?"

కాదనలేకపోయాడు. ఇంకొకటి కూడా కాదనలేకపోయాడు. సాయంత్రం ఇంటికొచ్చి ఒక్క దగ్గు దగ్గాడు. బొడ్డు పక్కన రాయిలా లేచి నిలబడింది, మళ్లీ లోపలికి పోలేదు. ఒళ్లంతా చెమట. నూకరత్నం తీగలు కోసే పటకారు తెచ్చి, ఆ మడతలో నన్ను వెతికి పట్టుకుంది.

"తెంపేత్తన్నాను. నువ్వు బతికితే చాలు."

ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. అంత నొప్పిలోనూ వదల్లేదు. పటకారు పళ్ల మధ్య నేను. నేను వెండిని, నాకు భయం ఉండకూడదు. ఆ రోజు ఉంది.

పక్కింటివాళ్లు ఆటో తెచ్చారు. దారిలో వెనక సీట్లో మోకాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. ఆ కుదుపులకో ఏమో, గడ్డ మెల్లగా లోపలికి జారింది.

"ఈసారికి బతికిపోయారు," అంది డాక్టరమ్మ. "ఇంకోసారి ఏమవుతుందో నేను చెప్పలేను."

ఆ మర్నాటి నుంచి మరిడయ్య పెద్ద కంచం అటక ఎక్కింది. చిన్న పళ్లెంలో సగం కూర, పావు పప్పు, మిగిలిందే అన్నం. టీలో పంచదార పోయింది. అది తాగేటప్పుడు ఆయన ముఖం చూడాలి. మోపెడు మేనల్లుడికి ఇచ్చేసి, కాలవ గట్టున నడిచి కొట్టుకు వెళ్లాడు. ఒకటి రెండుసార్లు పకోడీ బండి దగ్గర కాళ్లు ఆగాయి. ఆగినట్టు నాకే తెలుసు.

పక్కింటావిడ ఊరుకోలేదు.

"ఏమే నూకరత్నం, మొగుడి కడుపు మాడుత్తన్నావంట?"

"మా ఆయన మానేసిందంతా నీ మొగుడు తింటన్నట్టున్నాడు. బొజ్జ చూసుకోవే ముందు."

వానలు వెళ్లాయి, చలి వచ్చింది. నాకు గాలి తగలడం మొదలైంది. ముందు ఆయన వేలు నా కింద దూరింది. తర్వాత నేను పక్కకు తిరగగలిగాను. ఎన్నో ఏళ్ల తర్వాత ఒక రోజు నా మీద ఎండ పడింది.

ఒక సాయంత్రం బోరింగు దగ్గర స్నానం చేస్తుంటే సబ్బు నురగతో పాటు జారి ఆయన పాదాల మీద పడ్డాను. మరిడయ్య కదల్లేదు.

"రత్నం!"

మళ్లీ పేగు ఇరుక్కుందనుకుని ఆమె అట్లకాడతో సహా పరిగెత్తుకొచ్చింది. కిందికి చూసింది. ముందు నవ్వింది. తర్వాత అక్కడే తడిలో కూర్చుని ఏడ్చింది. లేచి, మొల ఉత్తగా ఉండకూడదని నల్లదారం తెచ్చి కట్టింది.

ఆ వారంలోనే ఆపరేషన్. నర్సమ్మ దారాన్ని విప్పి అడిగింది. "వెండిది ఏం చేశారు తాతగారూ? తెంపేశారా?"

"లేదండి. మా ఆవిడుంది కదా."

లోపలికి తీసుకెళ్లారు. నూకరత్నం నన్ను రెండు పేటలుగా మడిచి చేతికి చుట్టుకుని, తలుపు వైపే చూస్తూ కూర్చుంది. ఎవరు టీ తెచ్చినా పక్కన పెట్టేసింది. తలుపు తీసి, "బాగా జరిగింది" అని డాక్టరమ్మ చెప్పేదాకా ఆమె పిడికిలి విప్పలేదు. నా అల్లిక గుర్తులు ఆమె అరచేతిలో పడ్డాయి.

మర్నాడు పొద్దున్న మరిడయ్యకు ఇడ్లీలు తెచ్చి పెట్టారు. ఆయన మెల్లగా లేచి కూర్చున్నాడు. ఒకటి తుంచి చట్నీలో అద్ది, తను తినకుండా ఆమె చేతిలో పెట్టాడు.

"నిన్నట్నించి ఏం తినలేదు నువ్వు. తిను."