పేపర్లో వేయించిన పేరు

ఆ పొద్దు ఆకాశం పాలిపోయి ఉంది. సూర్యుడు పైకొచ్చినా వెలుగు లేదు, తెల్లటి బిళ్ళలా ఊరికే వేలాడుతున్నాడు. ఏటి అవతలి ఊరు సైన్యం తగలబెట్టి అప్పటికి రెండు రోజులు. దాని మసి ఇంకా రాలుతూనే ఉంది. తాడిచెట్టెక్కి లొట్టి దించి చూస్తే నీరాలో నల్లటి నలుసులు. గుడ్డలో వడగట్టి పొయ్యి మీద పెట్టాను. బెల్లం నల్లగా వస్తుందని తెలుసు. అయినా కాచాను. వేరే పనేముంది.

మా వాడి పేరు జార్ని టున్. ఇరవై నాలుగేళ్ళు. పట్నంలో ఇంకో పేరు పెట్టుకున్నాడు, కరుకుమట్ట అని. తాటిమట్టకు రెండంచులా రంపం పళ్ళుంటాయి. చిన్నప్పుడు వాడి అరచెయ్యి చీరింది దానితోనే. ముఖానికి గుడ్డ కట్టుకుని, దరువు మీద మాటలు గబగబా పేర్చి ర్యాప్ పాడేవాడు. సైన్యం కుర్చీ ఎక్కిన ఏడాది, "నా ఓటును ఎక్కడ పూడ్చావు జనరలూ, దాని గోరీ చూపించు" అని ఒక పాట వదిలాడు. ఆ వేగానికి నాకు సగం మాటలు అందలేదు. కానీ కింద మోగే దరువు నాదే.

చెట్టు మీంచి మట్టలు నరికి పడేసే ముందు కత్తి పిడితో ఖాళీ లొట్టి మీద మూడుసార్లు కొడతాను. ఆగి, ఒకసారి కొడతాను. కిందివాళ్ళు తప్పుకోవాలని. మా నాన్నా అలాగే కొట్టేవాడు. జార్ని దాన్ని ఫోన్‌లో పట్టుకుపోయి పాటకు పెట్టుకున్నాడు.

పచ్చబట్టల సైనికులు కరుకుమట్ట కోసం వెతికారు. ముఖం తెలీదు. అసలు పేరు తెలీదు. యాసను బట్టి ఈ తాడిచెట్ల సీమవాడని మాత్రం పట్టారు.

ఒక మధ్యాహ్నం మా పదిళ్ళకూ సర్కారు పెట్టిన పెద్ద టిన్ పే వచ్చాడు. వరసకు నాకు కొడుకవుతాడు.

"బాబాయ్, జార్ని ఎక్కడున్నాడో నేనడగను, నువ్వు చెప్పకు. ఇంట్లో లేని కుర్రాళ్ళ లిస్టు రాసిమ్మన్నారు. ఆ ఇళ్ళకి సీలు వేస్తారంట."

"వేసుకోనీ."

"సీలుతో ఆగితే నేనెందుకొస్తాను? అన్నీ తాటాకు ఇళ్ళు. నీదంటుకుంటే నాదెంతసేపు?"

నేను కత్తి తీసి నూరడం మొదలుపెట్టాను.

"పేపర్లో వేయించు బాబాయ్. వీడు మా కొడుకు కాడు, మా ఆస్తిలో వాటా లేదు అని. అందరూ వేయిస్తున్నారు. కొన్నిచోట్ల పిల్లలే కబురు పెట్టి వేయించమంటున్నారు."

"మా ఆస్తంటే ఏంట్రా? నా నిచ్చెనా?"

మా ఆవిడ ఖిన్ ఏ లోపల్నించి అంది, "కాగితం మీద కొట్టేస్తే కడుపులోంచి పోతాడా? వేయించెయ్యి. ముందు ఇల్లు నిలబడనీ."

మర్నాడు టౌనుకు వెళ్ళాను. పేపరుకు ప్రకటనలు రాసిచ్చే కుర్రాడు కళ్ళజోడు పెట్టుకుని, గీతల కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. నా ముందు ఇద్దరున్నారు. వాళ్ళదీ ఇదే పని. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

"కారణం ఏం రాయమంటారు?"

"అందరికీ ఏం రాస్తున్నావో అదే."

"తల్లిదండ్రుల మాట కాదని, మనసు నొప్పించే పనులు పదేపదే చేసినందున. సరేనా?"

వాడు నా మనసు ఒక్కసారీ నొప్పించలేదు. సరే అన్నాను.

రాసింది చదివి వినిపించాడు. వాడి పేరు, నా పేరు, ఊరు. ఏదో వెలితిగా అనిపించింది. వాళ్ళు రేపు మంట పట్టుకొచ్చేది కరుకుమట్ట ఇంటి కోసం. అప్పుడు జార్ని టున్ అనే ఎవడినో వదులుకున్నానని కాగితం చూపిస్తే ఎవడు వింటాడు?

"అలియాస్ కరుకుమట్ట అని కూడా వెయ్యి బాబూ."

కలం ఆగింది. కుర్రాడు తలుపు వైపు చూశాడు.

"ఆ ముక్క లేకపోయినా చెల్లుతుంది పెద్దాయనా."

"నాది మఠం బళ్ళో నాలుగో తరగతి. సగం రాసిన కాగితం చెల్లదని మాత్రం మా గురువు కణుపుల మీద కొట్టి నేర్పాడు."

రాశాడు. ఆ తర్వాత నా ముఖం చూడలేదు. కొడుకును వదులుకున్న తండ్రిని చూడలేక అనుకున్నాను.

ప్రకటన ఎప్పుడు పడుతుందో చెప్పలేదు. ఈలోగా జార్ని దగ్గర్నించి కబురొచ్చింది. ఫోన్లు చచ్చి నెలలయింది కదా, మనుషుల చేతే కబుర్లు. శుక్రవారం తొమ్మిదింటి బండిలో వంతెన దగ్గరి సైన్యం గేటు దాటి సరిహద్దుకు పోతాడట. అసలు పేరున్న గుర్తింపు కార్డుతోనే. జార్ని టున్ మీద ఏ కేసూ లేదు కాబట్టి భయం లేదట. అమ్మను రోడ్డు మీదికి రానివ్వొద్దు, ఏడుస్తుంది, అన్నాడట.

మసి రాలిన ఆ పొద్దే శుక్రవారం.

బెల్లం పాకం తిప్పుతుండగా మా అమ్మాయి సులే పరిగెత్తుకొచ్చింది. అది రోడ్డు మీది టీ కొట్టుకు బెల్లం వేసి వస్తుంది. చెప్పులు లేవు. చేతిలో పేపరు.

"నాన్నా, ఇదేంటిది? ఇదేంటి నాన్నా?"

చూశాను. చిన్న అక్షరాల్లో, మూలన. నేను చెప్పినట్టే ఉంది.

"అన్నయ్య ఈ పేరుతోనే కదా వస్తున్నాడు! కార్డు మీద ఈ పేరే కదా! కరుకుమట్ట ఎవరో వాళ్ళకి నువ్వే చెప్పావు నాన్నా!"

అప్పుడు తెలిసింది ఆ కుర్రాడి కలం ఎందుకు ఆగిందో.

"బండి వెళ్ళిపోయిందా?"

"ఇంకా రాలేదు."

గరిటె పాకంలోనే వదిలేసి పరిగెత్తాను. బండి ఏ దారిన వస్తుందో తెలుసు గానీ మలుపు దాటి ఎదురెళ్ళి ఆపేంత టైము లేదు. ఇవతల ఆపితే, గేటు నుంచి మలుపు దాకా సైనికులకు కనిపిస్తుంది. గేటుకు ముందు ఆగిన బండిని ఊరికే వదలరు. పోయిన నెల టోఫూ అమ్మే ఆయన బండి టైరు పంచరై ఆగింది. ఆయన్ని అక్కడే తుపాకీతో కాల్చి పారేశారు.

మలుపు దగ్గర నా చెట్టు ఒకటుంది. అది నేను రోజూ ఎక్కేదే, ఎక్కితే ఎవడూ అనుమానించడు. ఎక్కాను. నలభై ఏళ్ళలో అంత వేగంగా ఎక్కలేదు. పైనుంచి అన్నీ కనిపించాయి. గేటు దగ్గర ఇసుక మూటలు, ఒక బల్ల, బల్ల మీద నీళ్ళ సీసా, సీసా కింద మడిచిన పేపరు. తెల్లగా ఉంది.

బండి దుమ్ములోంచి వచ్చింది. లోపల జనం, పైన జనం. జార్ని పైన కూర్చున్నాడు, నీలం టోపీ. ముఖానికి గుడ్డ లేదు.

లొట్టి మీద కొట్టాను. మూడు. ఒకటి. మళ్ళీ మూడు. ఒకటి. ముందుగానే కొడుతున్నాను, మలుపు తిరగక ముందే దిగాలని. ఇంజను మోతలో వినిపించిందో లేదో. లొట్టి పగిలింది. ఇంకోటి అందుకుని కొట్టాను.

తలెత్తాడు.

వాడు నన్ను చూశాడు. తప్పుకో అంటున్నానని వాడికి తెలిసింది. పుట్టినప్పట్నించీ విన్న దెబ్బ అది. డ్రైవరును ఆపమనడానికి బండి పైకప్పు మీద కొట్టబోయి చెయ్యెత్తాడు. అప్పటికే బండి మలుపు తిరిగింది. గేటు దగ్గరి ఇద్దరు తుపాకులు భుజం మీంచి దించారు. వాడి పక్కన బుగ్గలకు తనకా చెక్క గంధం పూసుకున్న ఒకావిడ, ఒళ్ళో పిల్ల.

జార్ని ఆ పిల్లను చూశాడు. ఎత్తిన చెయ్యి మెల్లగా దించి తొడ మీద పెట్టుకున్నాడు. మళ్ళీ నా వైపు చూడలేదు. చూస్తే నేనెవరో వాళ్ళకు తెలుస్తుందని.

గేటు దగ్గర కార్డు తీసుకున్నారు. ఒకడు సీసా ఎత్తి పేపరు తీశాడు. కార్డు, పేపరు, కార్డు. తర్వాత వాణ్ణి మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. బండిని పోనిచ్చారు.

వాణ్ణి ఎక్కించుకున్న లారీ కనిపించకుండా పోయేదాకా నేను దిగలేదు.

సాయంత్రం టిన్ పే వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మీ ఇంటి జోలికి రారంట బాబాయ్. ప్రకటన చూశారంట."

ఖిన్ ఏ అంది, "నుంచున్నావేం, అన్నం తిని పో."

గుండ్రటి పొట్టిబల్ల చుట్టూ కూర్చున్నాం. గోంగూర పులుసు, కాల్చిన ఎండుచేప. మొదటి గరిటె ఇంటి పెద్దకు వేయాలి. ఖిన్ ఏ జార్ని కంచం తెచ్చి పెట్టి, ఆ గరిటె అందులో వేసింది.

"పేరెలా తెలిసింది వాళ్ళకి?" అంది నన్ను చూసి. దానికి చదువు రాదు. "కరుకుమట్ట అసలు పేరు మనకి తప్ప ఎవరికి తెలుసు?"

సులే నన్ను చూసింది. నేను చెబుతానేమోనని చూసింది. తర్వాత తల వంచి, చేపలో ముల్లు తీసి, ఆ ముక్క వాళ్ళమ్మ కంచంలో పెట్టింది.

మాడిన బెల్లం వాసన ఇంకా పోలేదు. నలుగురం తిన్నాం.