నా బ్రేకులు పనిచేస్తాయి

నేను ఒక తెల్ల కారుని. మనిషిని చంపిన కారుని. ముందే చెప్పేస్తున్నాను, మోసపోయామని తర్వాత అనకండి. చిన్న ఎస్‌యూవీ అంటారు నన్ను. ఐదుగురు కూర్చోవచ్చు. గుంతల్లో కడుపు తగలదు. ఇంటిముందు నిలబెడితే పక్కింటివాళ్ల కడుపు మండుతుంది. కొనేవాళ్లలో సగంమంది ఆ చివరి సుఖం కోసమే కొంటారు. మిగతా సగం కూడా అందుకే, కాకపోతే ఒప్పుకోరు.

నేను పుట్టిన ఫ్యాక్టరీలో అతుకులు వేసింది ఇనప చేతులు. మరలు బిగించింది మనుషుల చేతులు. ఇనప చేతులకు వేళకు నూనె పోసేవాళ్లు. మనుషుల చేతులకు ఏం కావాలో అడిగినవాడు లేడు. నా బ్రేకులు బిగించింది కాంట్రాక్టు కింద పనిచేసే ఒక అమ్మాయి. పేరు తెలియదు, మెడలో వేలాడే కార్డు తిరగబడి ఉంది. బిగించాక పెడల్ తొక్కి చక్రం పట్టేసిందో లేదో చూసింది. తర్వాత నట్టు మీదుగా పసుపు రంగు గీత ఒకటి గీసింది. ఎవరైనా ఆ నట్టు కదిపితే గీత రెండు ముక్కలవుతుంది. అంటే ఈ పనికి పూచీ నాది అని ఆ పిల్ల నా ఒంటిమీద రాసి పంపిందన్నమాట. సంతకం కంటే గట్టిది ఆ గీత.

నన్ను కొన్నది గోవర్ధనం. మున్సిపాలిటీలో చెత్త ఎత్తించే కాంట్రాక్టరు. కొన్నది కొడుకు హర్షిత్ కోసం. ఆ కొడుకు చేసే పని ఏమిటంటే గోవర్ధనం కొడుకుగా ఉండడం. అంతే.

ఇంటికి వచ్చిన రోజు పూజ. అంతకుముందు నన్ను కడగాలి. కడగడానికి మార్తమ్మ, ఆమె చెల్లెలు యేసుమణి వచ్చారు. ఇద్దరూ ఊరి వీధులు ఊడ్చే మనుషులు. జీతం వీధులు ఊడ్చినందుకే. గోవర్ధనం ఇంట్లో కార్లు కడగడం, గేదెల కొట్టం ఎత్తడం, పెళ్లిళ్లయితే ఎంగిలాకులు తీయడం ఇవన్నీ ఆ జీతంలోనే కలిపేశారు. ఎవరు కలిపారని అడిగితే, మొదట్నుంచీ అంతే అంటారు. మన దేశంలో ఈ మొదట్నుంచీ అనే మాట మీద బతికినంతమంది పొలం మీద బతకలేదు.

గోవర్ధనం భార్య కొబ్బరికాయ కొట్టించి, నిమ్మకాయలు చక్రాల కింద పెట్టించి, హారతి కర్పూరం తెచ్చి నేరుగా నా డాష్‌బోర్డు మీద పెట్టి వెలిగించింది. పళ్లెం లేదు, తమలపాకైనా లేదు. ప్లాస్టిక్ అంటుకుంది. ఆమె కెవ్వుమని వెనక్కి గెంతింది. బకెట్టు పట్టుకుని తలుపు దగ్గర నిలబడిన మార్తమ్మ చెయ్యి చాపి, వట్టి చేత్తో ఆ మంటను అదిమేసింది. అరచెయ్యి కాలి బొబ్బలెక్కింది. కరిగి మెత్తబడిన నా ఒంట్లో ఆమె బొటనవేలు దిగింది. చల్లారాక ఆ గుంట అట్లాగే ఉండిపోయింది.

మంట ఆర్పిన మనిషికి దక్కిందేమిటి? చెంపదెబ్బ. పూజ మధ్యలో చెయ్యి పెట్టిందని, మైల చేసిందని. కొట్టింది హర్షిత్. యేసుమణి అక్క చెయ్యి పట్టుకుని పంపు కిందికి తీసుకుపోయింది. నా మీద నిమ్మకాయ రసం ఆరకముందే నేను ఎవరి బండినో నాకు తెలిసిపోయింది.

నాకు నంబరు ఇంకా రాలేదు. ముందు వెనక రంగు కాగితం ఒకటి అంటించి ఉంది, అంతే. ఈ లోపల ఏలియా చచ్చిపోయాడు. ఏలియా కాలవలు తీసే మనిషి. బజారులో పొంగుతున్న మ్యాన్‌హోల్లోకి నడుముకు తాడు లేకుండా, మూతికి గుడ్డయినా లేకుండా దింపారు. లోపలి గాలికి అక్కడే పడిపోయాడు. తాగి దిగాడు అని గోవర్ధనం చెప్పాడు. చచ్చినవాడు కాదనలేడు కదా.

చెత్త ఎత్తేవాళ్లంతా చీపుళ్లు పారేసి మున్సిపాలిటీ గేటు ముందు రోడ్డుకు అడ్డంగా పట్టాలు పరుచుకుని కూర్చున్నారు. గోవర్ధనాన్ని తీసేయాలి, ఏలియాను చంపినందుకు కేసు పెట్టాలి అన్నారు. ఊరు కుళ్లడం మొదలుపెట్టింది. అప్పటిదాకా వీళ్లు కంటికి ఆనని పెద్దమనుషులు ముక్కులు మూసుకుని వీళ్ల పేర్లు కనుక్కున్నారు. ఒక సాయంత్రం మార్తమ్మ మైకు తీసుకుంది. ఆమెకు ఉపన్యాసం రాదు. కాలిన చెయ్యి ఎత్తి ఒక్కటే అడిగింది.

"గోవర్ధనం గారూ, తాగకుండా దిగితే చావరంటగా. ఒక్కసారి మీరు దిగండి. తాడు మేం పట్టుకుంటాం. మీ పిల్లోడు పైన నిలబడి సెల్ఫీ తీసుకుంటాడు."

రోడ్డంతా నవ్వింది. టీకొట్టు దగ్గర నిలబడ్డ పోలీసు కూడా మొహం తిప్పుకుని నవ్వాడు. ఆ నవ్వు ఎవరో ఫోనులో పట్టి ఊరంతా పంపారు. హర్షిత్ నా సీట్లో కూర్చుని దాన్ని మళ్లీ మళ్లీ చూశాడు. ప్రతిసారీ నా స్టీరింగు మీద పిడికిలితో గుద్దాడు.

మర్నాడు పొద్దున్నే నన్ను బయటికి తీశాడు. ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి, దీని మీద నాకంటే పెద్ద సాక్షి లేడు. బండి నడిపే మనిషి కుడికాలికి రెండు పెడళ్లు అందుతాయి. ఒకటి ముందుకు తోసేది, ఒకటి ఆపేది. రెంటి మధ్య జానెడు దూరం లేదు. పట్టాలు కనబడ్డాయి. జనం కనబడ్డారు. టీ గ్లాసులు పంచుతున్న మార్తమ్మ కనబడింది, ఆమె నన్ను చూసి గ్లాసుల పళ్లెం అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది. హర్షిత్ కాలు బ్రేకు వైపు రాలేదు. తగల్లేదు, తడమలేదు. ఇంకో పెడల్ని నేలకు ఆనించి తొక్కాడు. నా బంపరు ఆమె మోకాళ్లు విరిచింది. నా బానెట్టు ఆమె తలను మోసింది. అద్దం పగిలి ఎర్రబడింది. నా చక్రం కింద ఒకరి చెయ్యి నలిగింది, అది ఎవరిదో నాకు ఈనాటికీ తెలియదు. జనం అరుపుల మధ్య హర్షిత్ నన్ను వెనక్కి తీసి, తిప్పి, వెళ్లిపోయాడు. వెనక్కి తీసేటప్పుడు మాత్రం బ్రేకు తొక్కాడు. వెంటనే ఆగాను.

మధ్యాహ్నానికి గోవర్ధనం పాత జీపు ఒకటి పోలీసు స్టేషనుకు నడిచింది. అదీ తెలుపే. దాని బ్రేకులు ఏనాడో పోయాయి. డ్రైవరు సాంబయ్య చేతులు కట్టుకుని, బ్రేకు ఫెయిలైంది, నేనే నడిపాను అన్నాడు. ప్రమాదం అని రాసుకున్నారు. రోడ్డు మీద చూసినవాళ్లంతా సమ్మె మనుషులే, వాళ్ల సాక్ష్యం చెల్లదన్నారు. యేసుమణి స్టేషనుకు పోయి, జీపు కాదు, కొత్త కారు, నేనే కడిగాను అని మొత్తుకుంది. నంబరెంత అని అడిగాడు ఎస్సై. నంబరు లేదంది. "నంబరు లేని కారు, ఆనవాలు లేని కారు. ఏందమ్మా, దేవుడి రథమా అది?" అన్నాడాయన.

"ఆనవాలుంది. లోపల స్టీరింగు పక్కన డబ్బా మీద మా అక్క వేలి గుంటుంది," అంది యేసుమణి. ఆ మాట ఎవరూ రాసుకోలేదు.

నన్ను పక్క జిల్లాలో ఒక షెడ్డుకు తోలారు. బంపరు మార్చారు, బానెట్టు మార్చారు, అద్దం మార్చారు. నెత్తురు కడిగించింది ఎవరిచేత అనుకుంటున్నారు? అక్కడి చెత్త ఎత్తే ఆమెనే పిలిచారు. దేని నెత్తురని అడిగితే మేక అడ్డమొచ్చిందన్నారు. బావమరిది పేరున నంబరు తీసుకున్నారు. డాష్‌బోర్డు మార్చాలంటే లోపలంతా విప్పాలి, ఎవడికి ఓపిక? ఆ గుంట మీద చిన్న వినాయకుడి బొమ్మ పెట్టి జిగురుతో అతికించారు. దేవుణ్ణి కాపలా పెట్టడం వీళ్లకు కొత్త కాదు.

అట్లా బుజ్జిబాబు సెకండ్‌హ్యాండ్ కార్ల యార్డుకు చేరాను. మా ఊరి బైపాసు పక్కనే. దూరంగా అమ్మితే ఎక్కడ తిరుగుతుందో తెలియదు, మనవాడి దగ్గరుంటే మన చేతిలో ఉన్నట్టు, అని గోవర్ధనం లెక్క. బుజ్జిబాబు నన్ను చూపించి అందరికీ ఒకే కథ చెప్పేవాడు. ఒకే ఓనరు సార్, లేడీ డాక్టరు గారు, ఆసుపత్రికీ ఇంటికీ తప్ప తిప్పలేదు. ఆ లేడీ డాక్టరు ఎవరో గానీ, ఆ యార్డులో సగం కార్లు ఆమెవే.

ఒకరోజు ప్రభుదాసు, అతని భార్య కృప వచ్చారు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు, ఆమె గవర్నమెంటాసుపత్రిలో నర్సు. వాళ్ల వాడలో మొదటి కారు కొనబోయేది వాళ్లే. అందుకని కారు కొనడం కాస్తా వాడ మొత్తానికి పని అయిపోయింది. కొత్తది కొను, వాసన బాగుంటుంది అని కొందరు. పాతది కొను, గీత పడితే ఏడుపు రాదు అని కొందరు. షోరూములో కొత్తది చూసి ప్రభుదాసు మనసు పారేసుకున్నాడు, దానికి నాలుగు నెలలు ఆగమన్నారు. కృప, పాతదే చాలు, స్కూటరు మీద పిల్లల్ని వర్షంలో తిప్పింది చాలు అంది.

వాళ్లతోపాటు ఒక ఆడమనిషి వచ్చింది. ప్రభుదాసుకు పెద్దమ్మ కూతురు, వయసులో పెద్దది. అతను అక్కా అంటాడు. ఆమె యేసుమణి.

తర్వాత తెలిసింది, వీళ్లు కారు చూడ్డానికి పోయిన ప్రతి యార్డుకూ ఆమె వెంట పోతోంది. పెట్టుకున్న ఒప్పందం ఒకటే. ఆ బండి కనబడితే చెప్పు అక్కా, మనం వచ్చేసి లాయరుకు చెబుదాం, అక్కడ గొడవ మాత్రం వద్దు అన్నాడు ప్రభుదాసు. గవర్నమెంటు మాస్టారు కదా, గొడవ అంటే భయం. ప్రతి తెల్ల కారులోనూ ఆమె చెయ్యి చాపి డాష్‌బోర్డు నిమిరేది. అమ్మేవాళ్లు నవ్వుకునేవాళ్లు.

ప్రభుదాసు నా తలుపు తట్టి చూశాడు. టైరును కాలితో తన్నాడు. ఎందుకు తంతారో ఏ మనిషీ చెప్పలేడు, కానీ తన్నకుండా కొన్నవాణ్ణి నేను చూడలేదు. అందర్నీ ఎక్కించుకుని బైపాసు మీదికి తీశాడు. గేదె ఒకటి అడ్డం వచ్చింది. తొక్కాడు. గేదెకు బారెడు ఇవతల నిలబడిపోయాను.

"బ్రేకులు మాత్రం అదిరినయ్యి," అన్నాడు ప్రభుదాసు.

వెనక సీట్లో యేసుమణి ముందుకు వంగి ఆయన కాలు వైపు చూసింది. యార్డుకు తిరిగి వచ్చాక అందరూ దిగారు, తాళం నాకే ఉంది. యేసుమణి స్టీరింగు ముందు సీట్లోకి వచ్చి డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి నాకు తెలుసు, మొదటి నీళ్లు పోసిన చెయ్యి అది. బొమ్మ దగ్గర ఆగింది.

"పెద్దమ్మా, దేవుడి బొమ్మ, ముట్టుకోమాక," అన్నాడు బుజ్జిబాబు బయట్నుంచి.

"దేవుడైతే ఊడి వస్తాడులే," అని ఆమె గోళ్లతో పీకింది. బొమ్మ ఊడింది. నల్లగా కాలిన మరక, మధ్యలో గుంట. ఆమె తన బొటనవేలు అందులో పెట్టింది. కొంచెం వదులయింది. అక్క వేలు లావు.

ఏడుస్తుందనుకున్నాను. ఆమె తలుపులు లాగేసి లాకు నొక్కింది.

ప్రభుదాసు అద్దం మీద కొట్టి, అక్కా, దిగు, చూశాంగా, పోదాం అన్నాడు. ఆమె అద్దం సందు నుంచి చెప్పింది.

"పోతే మళ్లీ వచ్చేసరికి ఇది ఉంటదా దాసూ? దీన్ని కాల్చి బూడిద చేస్తారు. నేను దిగను. నన్నూ కలిపి కాలిస్తే కాల్చమను."

బుజ్జిబాబు అప్పటికే ఫోనులో ఉన్నాడు. కృప కూడా. ఆమె ఎవరికి చేసిందో బుజ్జిబాబు పట్టించుకోలేదు.

ముందు హర్షిత్ వచ్చాడు, నలుగురు మనుషులతో, ఇనప రాడ్లతో. వాళ్లు వచ్చిన ఇంకో జీపు వెనక తాడు. రెండో తాళం అతని దగ్గర ఉంది. నొక్కితే నా తలుపులు తెరుచుకున్నాయి, ఆమె లోపల్నుంచి నొక్కితే మూసుకున్నాయి. అతను నొక్కడం, ఆమె నొక్కడం. నవ్వొచ్చే ఆటే, చేతుల్లో రాడ్లు లేకపోతే. చివరికి రాడ్డు దిగింది. నా అద్దాలు ఆమె ఒళ్లో వానలా కురిశాయి. ఒకడు జుట్టు పట్టి లాగాడు. ఆమె రెండు చేతులూ స్టీరింగులో దూర్చి పెనవేసుకుంది. రాడ్డు మోచేతి మీద పడింది, ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. ఆమె చేతులు విడవలేదు. అడ్డం వెళ్లిన కృపను తోసేశారు, నుదురు పగిలింది.

"మనిషితో సహా లాగండిరా," అన్నాడు హర్షిత్.

నా బంపరుకు తాడు కట్టారు. ఒకడు పగిలిన కిటికీలోంచి చెయ్యి పెట్టి హ్యాండ్‌బ్రేకు దించాడు. జీపు గుర్రుమంది. నేను కదిలాను. యేసుమణికి బండి నడపడం రాదు. కానీ ఇందాక బైపాసు మీద గేదె ముందు దాసు ఏ పెడల్ తొక్కాడో వెనక నుంచి చూసింది. ఆమె రెండు కాళ్లూ ఎత్తి, నడుం సీటుకు అదిమి, దాని మీద నిలబడినంత పని చేసింది.

ఆగాను. ఆ ఫ్యాక్టరీ పిల్ల బిగించినదంతా ఒక్కసారి బిగిసింది. జీపు చక్రాలు మట్టిలో తిరిగాయి, పొగ వచ్చింది, నేను కదల్లేదు. మళ్లీ లాగారు. కొత్త బంపరు చీలి ఊడి జీపు వెనక ఈడ్చుకుపోయింది. లోపలి ఇనప కమ్మీ బయటపడింది. మోకాళ్ల ఎత్తున వంగిపోయి ఉంది. దాన్ని సరిచేయడానికి కూడా ఎవడికీ ఓపిక లేకపోయింది.

అప్పుడు మున్సిపాలిటీ చెత్త ట్రాక్టరు వచ్చింది. యార్డు గేటుకు అడ్డంగా తొట్టి ఎత్తి ఊరి చెత్తంతా కుమ్మరించింది. జీపు పోవడానికి దారి లేదు. ఆ చెత్త మీదుగా ఆడవాళ్లు దిగారు, పారలతో. హర్షిత్ మనుషులు రాడ్లు ఊపారు. ఒక పార ఒక మణికట్టు మీద పడింది, రాడ్డు కింద పడింది. ఇంకో ఇద్దరు చెత్తలో జారి పడ్డారు. హర్షిత్ తెల్ల బూట్లతో గోడ ఎక్కబోయాడు, కాలు పట్టి కిందికి లాగారు. నేను మంచిదాన్నని చెప్పుకోను, ఆ చప్పుళ్లు నాకు తియ్యగా వినబడ్డాయి.

తర్వాత వాళ్లు నా చుట్టూ నిలబడ్డారు, నా వైపు వీపులు పెట్టి. మార్తమ్మను చంపిన బండిని మార్తమ్మ మనుషులు కాపలా కాశారు. నన్ను ముక్కలు చెయ్యాల్సిన చేతులవి. ఒక్కరు కూడా నా మీద గీత పెట్టలేదు.

గొడవ వద్దన్న మాస్టారు ఫోను పైకెత్తి మొదట్నుంచీ అంతా పట్టాడు. గొంతు తరగతి గదిలో లాగే మోగింది.

"ఇది ఆ రోజు బండి. బ్రేకు పనిచేస్తంది. అందరూ చూశారుగా."

ఆ వీడియో ఊరంతా తిరిగాక పోలీసులు నన్ను పట్టుకుపోక తప్పలేదు. ఇప్పుడు నేను పోలీసు స్టేషను వెనక ఆవరణలో ఉన్నాను. టైర్లు కూలబడ్డాయి. కిటికీల్లోంచి పిచ్చిమొక్కలు లోపలికి తొంగిచూస్తున్నాయి. పక్కన ఆ పాత జీపునూ పడేశారు, మాకు మాటల్లేవు. కోర్టు పంపిన ఇంజనీరు వచ్చి నా చక్రం విప్పాడు. నట్టు మీద పసుపు గీత తెగకుండా ఉంది. నొక్కి చూసి, ఏ లోపమూ లేదు అని రాసుకుపోయాడు. ప్రమాదం అన్న మాట కేసులోంచి పోయింది, హత్య అన్న మాట వచ్చింది. సాంబయ్య నిజం చెప్పాడు. హర్షిత్ లోపలున్నాడు, బెయిలుకు గోవర్ధనం ఢిల్లీ దాకా తిరుగుతున్నాడు. విచారణ ఇంకా నడుస్తోంది. గెలిచామని నేను అనను.

ప్రభుదాసు, కృప ఇప్పటికీ స్కూటరు మీదే. కారు చూడ్డానికి పోతే ఆయన టైరును తన్నడం మానేశాడట. కొత్తదా పాతదా అని తల బద్దలు కొట్టుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటుంది. బండి ఏదైనా ఒకటే. దాని మీద పెట్టే కాలు ఎవరిదో చూడండి.

స్టేషను ఆవరణ ఊడ్చే వంతు యేసుమణికి వచ్చినప్పుడల్లా ఆమె నా దగ్గరికి వస్తుంది. మోచెయ్యి సరిగ్గా అతకలేదు, చీపురు ఎడంచేత్తో పట్టుకుంటుంది. లోపల కూర్చుని ఆ గుంటలో వేలు పెట్టి కాసేపు ఉంటుంది. పోయేముందు కాలు చాపి బ్రేకు ఒకసారి తొక్కి చూస్తుంది. నేను పట్టుకుంటాను.