మూడు రోజుల చెట్టు

వదిన పొద్దున్నే ట్రాక్టరు చుట్టూ మూడుసార్లు తిరుగుతుంది. భక్తితో కాదు, భయంతో. టైర్లు తన్ని చూస్తుంది, వెనక గొలుసు బిగింపులన్నీ చేత్తో కదిపి చూస్తుంది, ఆయిలు చూస్తుంది, అన్నీ అయ్యాక కూడా ఎక్కడానికి ఇంకో రెండు నిమిషాలు ఆలోచిస్తుంది. మొగుడికి నడుం పట్టేసి మంచం దిగలేకపోవడంతో ఆ బండి ఆవిడ చేతికొచ్చింది. నాలుగు నెలలైంది. అడవి పనిలో ఉన్నవాళ్ళంతా ఆవిడను వదిన అనే పిలుస్తారు, అసలు మరిది ఒక్కడే అయినా.

చిన్న ట్రాక్టరది, తోటల్లో గడ్డి కోసుకోవడానికి చేసింది. దాన్ని దుంగలు లాగే బండిగా మార్చింది మరిది. వాడికి వెల్డింగు షాపుంది. చేతిలో పనితనం ఉంది, నోట్లో అంతకన్నా ఎక్కువుంది. జారకుండా వెనక టైర్లలో నీళ్ళు నింపాడు. మొద్దులు గీసుకోకుండా పొట్ట కింద ఇనప రేకు కొట్టాడు. దుంగ మూతి నేలలో దిగబడకుండా గొలుసు కొక్కేన్ని జానెడు పైకి జరిపి బిగించాడు. అంతవరకూ ఆవిడ ఏమీ అనలేదు. పోయిన వారం సీటు వెనకుండే ఇనప కమానుని కూడా కోసేశాడు. బండి తిరగబడితే తోలేవాళ్ళ తల నలగకుండా కాపాడేది అదొక్కటే.

కోయడానికి కారణం లేకపోలేదు. ఆ అడవిలో కొట్టేసిన చెట్టు మూడు రోజుల దాకా పూర్తిగా పోదు. మాను మిల్లుకెళ్ళిపోతుంది, కొమ్మలు పొయ్యిలోకెళ్ళిపోతాయి, చోటు మాత్రం ఖాళీ అవదు. నేల మీద నీడ పడుతూనే ఉంటుంది. చెయ్యి పెడితే గరుగ్గా బెరడు తగులుతుంది. కూలీలు దానికే వీపు ఆనించి అన్నం తింటారు, కనిపించని కొమ్మకి చొక్కాలు తగిలిస్తారు. మూడో రోజు, సరిగ్గా చెట్టు పడిన వేళకి, చోటు ఖాళీ అయిపోతుంది. అందుకే రంపం పట్టే ముసలాయన చెట్టు పడగానే నేలలో మిగిలిన మొద్దు మీద సుద్దతో తేదీ, టైమూ రాస్తాడు. ఆయన పేరే సుద్దముక్క అయిపోయింది. బండి తోలేవాళ్ళు ఉన్న చెట్లనే కాదు, లేని చెట్లని కూడా తప్పించుకుంటూ పోవాలి. ఉన్న కొమ్మ కంటికి కనిపిస్తుంది. లేని కొమ్మ కమానుకి తగిలాకే తెలుస్తుంది.

“రోజుకి ఇరవైసార్లు తగులుకుంటోంది వదినా. అందుకే ఆ అడ్డం తీసేశా. ఇప్పుడు చూడు, ఎలా దూరిపోతుందో,” అన్నాడు మరిది.

“బండి ముందు లేస్తే?”

“లేవదు.”

“వెనకేమో నీళ్ళు నింపావు, ముందు తేలిపోతోంది. ముందు కాస్త బరువన్నా కట్టు. నాకు భయంగా ఉంది.”

“నీకు భయం లేనిదేముంది చెప్పు? కుక్కరు విజిలేసినా ఉలిక్కిపడతావు.”

చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నవ్వకపోతే బాగుండదని వదిన కూడా నవ్వింది. కానీ ఆ వారమంతా ఆవిడ సీటు అంచు మీదే కూర్చుని తోలింది. వీపు వెనక ఖాళీ చల్లగా తగులుతుంటే మెడ దగ్గర వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి.

ఆ మధ్యాహ్నం వాలు మీంచి ఓ లావుపాటి దుంగని పైకి లాగుతోంది. సగం దూరం వచ్చాక దుంగ మూతి ఏదో మొద్దుకి తన్నుకుని ఆగిపోయింది. ఇంజను గొంతు మారింది. మామూలుగా అయితే ఆవిడ అక్కడే క్లచ్ తొక్కి, దిగి, గొలుసు విప్పి, మళ్ళీ కట్టేది. పది నిమిషాల పని. పైన నలుగురు చూస్తున్నారు. మళ్ళీ నవ్వుతారేమో అనిపించింది. పళ్ళు బిగబట్టి యాక్సిలేటరు ఇంకాస్త పెంచింది.

దుంగ కదల్లేదు. బండి ముందు చక్రాలు లేచాయి.

రెప్పపాటులో చెట్లు పోయి ఆకాశం వచ్చింది. పై ప్రాణాలు పైనే పోయాయి. వెల్లకిలా పడుతున్నానని తెలిసింది. వెనక కాపాడే ఇనుము లేదనీ తెలిసింది. అంతలో వెనకనుంచి దబ్బున శబ్దమైంది. బండి దేనికో ఆనుకుని అలాగే నిలబడిపోయింది. ఇంజను దగ్గి ఆగిపోయింది. ఆవిడ సీట్లో వెల్లకిలా, కాళ్ళు ఆకాశానికి పెట్టుకుని, స్టీరింగు పట్టుకుని వేలాడుతోంది.

“కదలకు వదినా!” ఆ పూట గొలుసులు అతకడానికొచ్చిన మరిది పరుగెత్తుకొచ్చాడు. వెనకే సుద్దముక్క.

“దేనికానుకుంది?” అంది వదిన.

“మొన్న కొట్టిన పెద్ద చెట్టుకి.”

“మొద్దు మీద టైమెంత రాసుంది?”

మరిది వంగి చూశాడు. లేచి అరచేత్తో నుదురు తుడుచుకున్నాడు.

“నాలుగున్నర.”

“ఇప్పుడెంతైంది?”

“మూడే. ఇంకా గంటన్నర ఉంది. తొందరేం లేదు, మెల్లిగా పక్కకి జారు. నేను పట్టుకుంటా.”

జారాలంటే ముందు చేతులు వదలాలి. చేతులు వదలనంటున్నాయి. అవి తనవి కానట్టు స్టీరింగుని కరుచుకుపోయాయి. వీపు వెనక ఎక్కడో బెరడు చిట్లిన చప్పుడు. తల పైన లేని ఆకులు గలగలమన్నాయి.

“నా వల్ల కాదు.”

“ఒక్క వేలు వదులు. ఒక్కటంటే ఒక్కటి.”

చిటికెన వేలు వదిలింది. దాని పక్కది వదిలింది. కుడిచేయి పూర్తిగా విడిపడేసరికి ఒళ్ళంతా చెమటతో తడిసిపోయింది. బండి చిన్నగా ఊగింది. ఆవిడ కెవ్వుమంది, మళ్ళీ పట్టేసుకుంది, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. కింద మరిది రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. తొందరపెట్టలేదు. ఒక్క జోకు కూడా వెయ్యలేదు. అది చూసి ఆవిడకి ఇంకా భయమేసింది. చివరికి కళ్ళు మూసుకుని పక్కకి దొర్లింది. వాడు పట్టుకున్నాడు. సుద్దముక్క, వాడూ కలిసి ఆవిణ్ణి పది అడుగులు ఈడ్చుకెళ్ళారు.

ఆకుల గలగల ఆగిపోయింది. బండి గాల్లో ఒక్కసారి తూలి, మొద్దు అంచుకి తగిలి, పక్కకి ఒరిగి తలకిందులుగా పడింది. స్టీరింగు వంగిపోయి సీట్లోకి దిగబడింది. ఆ రెంటి మధ్యా అరచెయ్యి కూడా పట్టదు.

కాసేపటికి వదిన లేచి, తడబడుతూ మొద్దు దగ్గరికెళ్ళింది. సుద్దరాత చక్కగా, గుండ్రంగా ఉంది. రెండూ నలభై. తన చేతి గడియారం చూసుకుంది. మూడూ ఇరవై రెండు.

“నాలుగున్నర అన్నావు.”

“ఏం చెప్పమంటావు వదినా? నేనొచ్చేసరికే దాటిపోయింది.” అన్నాడు మరిది. “కమాను కోసింది నేను. ఆ పైన నిజం కూడా చెప్పి చంపనా?”

ఆవిడ సుద్దముక్క వైపు చూసింది.

“నేను రాసిన టైము ఎప్పుడూ తప్పలేదమ్మా,” అన్నాడాయన.

వదిన మొద్దుపైన గాల్లోకి చెయ్యి పెట్టింది. ఏమీ తగల్లేదు. బండి లేచింది మూడింటికి. అప్పటికే అక్కడేమీ ఉండకూడదు. అప్పుడొచ్చింది అసలు భయం. అక్కడే కూలబడి, పళ్ళు టకటకలాడుతుంటే బిగ్గరగా ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు.

“అవతలి వాలులో రేపు పనుంది కదా,” అంది చివరికి, ముక్కు తుడుచుకుంటూ. “ఆ వాలు చూస్తేనే నాకు భయంగా ఉంది.”

“అయితే ఎవ్వరం వెళ్ళం వదినా,” అన్నాడు మరిది. సుద్దముక్క రంపం భుజానేసుకుని కిందికి దారితీశాడు. పైనున్న నలుగురూ గొలుసులు చుట్టుకుని ఆయన వెనకే నడిచారు.