కోపర్నికస్ బిలం, ఏడు నిమిషాలు

చనిపోయిన స్నేహితుడి గొంతును నా చేతులతోనే చెరిపేశాను. తెలిసి చేయలేదు. ఆ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నా మనసు ఒప్పుకోవడం లేదు.

ప్రేమ్‌సాగర్ బొగ్గు గనిలో ఫిట్టర్. నాది గోదావరిఖనిలో కళ్ళద్దాల షాపు. ఇద్దరం కలిసి నాలుగు నెలలు అద్దం అరగదీసి టెలిస్కోపు చేసుకున్నాం. చంద్రుడి బిలాలకు ఒక్క ఫోటో సరిపోదు, గాలికి బొమ్మ వణుకుతుంది. అందుకని టెలిస్కోపుకు ఫోన్ ఆనించి వీడియో తీస్తాం. కంప్యూటర్‌లో అందులోంచి నిలకడగా ఉన్న బొమ్మలు ఏరి, ఒకదానిమీద ఒకటి పేర్చి ఒకే ఫోటో చేస్తాం. ఆ తర్వాత వీడియో పారేస్తాం. మాకది పొట్టు.

పోయినేడు నవమినాటి సాయంత్రం వాడు క్వార్టర్ డాబా మీద కోపర్నికస్ బిలాన్ని తీశాడు. తెల్లారేసరికి గుండె ఆగి పోయాడు.

సంవత్సరీకం దగ్గరపడ్డాక వాడి భార్య జ్యోతిరాణి మెమరీ కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఆఖరుకు తీసింది గిండ్లనే ఉన్నది అజీం భాయ్. మంచిగ చేసియ్యున్రి. జర పైలం."

ఫోటో అడిగిందనుకున్నాను. వీడియో తెరవగానే వాడి దగ్గు వినిపించింది. నా కుర్చీ వెనకే నిలబడి దగ్గినట్టుంది. పిరికివాణ్ణి, వెంటనే సౌండు ఆపేశాను. ఏడు నిమిషాలూ కార్డులోంచే మూగగా నడిపించి ఫోటో చేశాను. బిలం గోడల మీది మెట్లు కూడా కనబడ్డాయి, నా మురిపెం చూడాలి! అలవాటు కొద్దీ కార్డు ఖాళీ చేసి, ఆ సాయంత్రమే నా ఫోన్‌లో వేసుకుని చంద్రుణ్ణి వీడియో తీసుకున్నాను.

ఫ్రేము కట్టించి తీసుకెళ్తే జ్యోతిరాణి ఫోటోను పక్కన పెట్టింది.

"కార్డేది భాయ్? ఆ పొద్దు డాబ మీదికెల్లి నన్నేందో పిలిచిండు. మిక్సీ నడుస్తుండె, వినవడలే. ఏమన్నవని అడుగుడు మర్చిన. గా మాట గండ్లనే ఉంటది. ఇన్నొద్దులు వినే ధైర్నం లేకుండె."

ఇంటి దగ్గరుందని అబద్ధం చెప్పి బయటపడ్డాను. కరీంనగర్‌లో పోయిన వీడియోలు తీసిచ్చే షాపులు రెండు తిరిగాను. పాతదాని మీద కొత్తది ఎక్కిపోయిందన్నారు. రాత్రి హెడ్‌ఫోన్ పెట్టుకుని, వాడి వీడియో మీద నేను తీసుకున్న చంద్రుడి వీడియోను మొదటినుంచీ విన్నాను. గాలి చప్పుడులో ఎక్కడో వాడు దగ్గాడు. వెనక్కి తిప్పి వింటే ఏమీ లేదు. మళ్ళీ వింటే మళ్ళీ దగ్గాడు. పొద్దుటిదాకా అదే పని.

ఇక దాచలేక వెళ్ళి, వీడియో చెరిగిపోయిందని చెప్పేశాను. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఫ్రేము అద్దాన్ని కొంగుతో తుడుస్తూ అడిగింది. "పోనీ తియ్యి. మీరు విన్నరు గద. ఏమన్నడో చెప్పున్రి, గదే చాలు."

సౌండు ఆపేసుకున్నానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"'జ్యోతీ, మీదికి రా, చంద్రుడు మస్తుగున్నడు' అన్నడు చెల్లె."

ఆమె మొహం వెలిగింది, ఒక్క క్షణం. తర్వాత నన్నే చూస్తూ మెల్లగా అంది.

"ఆయన నన్ను ఒక్కనాడు పేరు వెట్టి పిలువలే భాయ్."