దిబ్బ మీద తువ్వాలు

నూకరత్నం కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవదు. అన్నం ముద్ద నోటిదాకా వెళ్తుంది. చేపలగంప నెత్తికెత్తుకోవాలంటే మాత్రం ఎవరో ఒకరు వచ్చి సాయం పట్టాలి. ఎక్స్‌రేలు తీశారు, పలాసలో నరాల డాక్టరుకి చూపించారు, గంగమ్మకి కోడిని మొక్కారు. ఎముక బాగుంది, నరం బాగుంది, కోడి మాత్రం పోయింది. చివరికి ఒక డాక్టరమ్మ, దెబ్బ తగిలింది చేతికి కాదని చెప్పి, టెక్కలిలో కౌన్సెలింగు చేసే ఉషారాణి దగ్గరికి పంపింది.

మాటలతో చెయ్యి లేపుతారట అని జాలరిపేటంతా నవ్వింది. నవ్వనివాడు పాపారావు ఒక్కడే. పోయిన ఆమె మొగుడు సూర్యానికి ఆయన స్వయానా అన్న. "బండి నాది, నానే తీసుకెల్తాను" అన్నాడు. అన్నట్టే వారం వారం మోటారుసైకిలు మీద ఎక్కించుకుని వెళ్లేవాడు. ఆమె మేడమీద గదిలో ఉన్నంతసేపూ కింద టీకొట్టు దగ్గర కూర్చునేవాడు. అటువంటి బావ ఎవరికి దొరుకుతాడని ఆడవాళ్లు చెప్పుకునేవారు. మంచితనం ఒక్కోసారి కాపలాపని కూడా చేస్తుందని పాపం వాళ్లకేం తెలుసు?

మెట్లు దిగి రాగానే ఆయన అడిగే మాట ఎప్పుడూ ఒకటే.

"ఏటడిగింది? నువ్వేటి సెప్పినావు?"

"ఏటీ నేదు బావా. ఊపిరి తియ్యమంది, ఒగ్గమంది."

"అదే మంచిది" అని బండి స్టార్టు చేసేవాడు.

జరిగిందేమిటో పేటలో పసిపిల్లలకి కూడా తెలుసు. ఆ తీరంలో వేటకంటే ఒడ్డుకి చేరడం కష్టం. ఒడ్డుకు ముందు కెరటాలు విరుచుకుపడతాయి. బోటులో ఉన్నవాళ్లకి తమ వెనక లేచే పెద్ద కెరటం అంతు తెలియదు. ఇసకదిబ్బ మీద నిలబడ్డవాళ్లకి తెలుస్తుంది. అందుకని దిబ్బ మీద ఒక మనిషి ఎర్ర తువ్వాలు పట్టుకుని నిలబడాలి. తువ్వాలు కిందికి వేలాడుతుంటే ఆగమని, పైకెత్తితే రమ్మని. ఎత్తాక ఇక వెనకా ముందూ చూసేది లేదు, బోటువాడు తన ప్రాణం ఆ గుడ్డకి అప్పజెప్పి ఇంజను పెంచేస్తాడు. ఆ పనికి నూకరత్నాన్ని మించిన కన్ను పేటలో లేదు. కాపురానికి వచ్చిన కొత్తలోనే అత్త తన చేతి తువ్వాలు ఆమె చేతిలో పెట్టేసింది.

అటువంటి నూకరత్నం, కిందటేడు తుపాను రోజుల్లో ఒక సాయంత్రం, పెద్ద కెరటం లేస్తుండగా తువ్వాలు ఎత్తింది. నీటి దగ్గరున్నవాళ్లందరూ వెనక్కి తిరిగి చూశారు, అది పైనే ఉంది. బోటు నిలువునా లేచి బోర్లాపడింది. మిగతావాళ్లు ఈదుకొచ్చారు. సూర్యం బోటు కిందే ఉండిపోయాడు. ఎందుకెత్తావని ఆమెని ఎవరూ అడగలేదు. అడిగి తిట్టినా బాగుండేది. మొగుణ్ణి తన చేత్తోనే చంపుకున్నానని నమ్మిన మనిషికి ఆ చెయ్యి పడిపోవడం న్యాయంగానే తోచింది.

ఆ శుక్రవారం టెక్కలి వెళ్లేటప్పటికే ఆమె మనసు మనసులో లేదు. తెల్లవారుజామున కొడుకు ధనుంజయ్ మొదటిసారి వేటకెళ్లాడు. "అయ్య బోటు, కొడుకెక్కక ఎవులెక్కుతారు" అని పాపారావే ఎక్కించాడు. తువ్వాలు కూడా ఇప్పుడు ఆయన భుజం మీదే ఉంటోంది. ఆయన దిబ్బెక్కిన దగ్గర్నుంచి బోట్లు క్షేమంగానే వచ్చాయి. వచ్చాయంటే, ఇన్నాళ్లూ సముద్రం అణిగి ఉంది కాబట్టి. ఆవేళ గాలి తూర్పుకి తిరిగింది.

ఉషారాణి తొందర తెలియని మనిషి. జరిగినదాన్నే మళ్లీ మళ్లీ చెప్పిస్తుంది గాని, ఎప్పుడూ కొద్దికొద్దిగానే. భయం ముంచుకొస్తే అక్కడే ఆపి, పాదాలు నేలకి ఆనించమంటుంది, గదిలో కనిపించేవాటి పేర్లు చెప్పమంటుంది. ఫ్యాను, కుర్చీ, పచ్చ కర్టెను. మనసు కుదుటపడ్డాకే మళ్లీ దిబ్బ మీదికి తీసుకెళ్తుంది.

"పాదాలకి ఏం తగులుతోంది?"

"ఇసక. తడిసిపోయుంది."

"పక్కన ఎవరున్నారు?"

"అందరూ నీటికాడికి పరిగెట్టినారు, బోటు లాగడానికి."

"మీ చేతిలో తువ్వాలు?"

"కిందనే ఉంది. నాను ఆగమంటన్నాను."

అని, తన మాటకి తనే ఉలిక్కిపడింది. ఇన్ని వారాల్లో ఆ మాట ఎప్పుడూ ఆమె నోట రాలేదు. ఎత్తినాను, ఎత్తినాను అనే చెప్పుకుంటూ వచ్చింది.

ఉషారాణి కుర్చీలో కదల్లేదు. "సరే. కిందనే ఉంది. ఇప్పుడు చేతికి ఏమనిపిస్తోంది?"

"నొప్పెడతంది."

"ఎక్కడ?"

భుజం చూపిస్తుందనుకుంది ఉషారాణి. నూకరత్నం ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుంది. ఎవరో వెనకనుంచి అక్కడ బిగించి పట్టుకున్నారు. చెవి పక్కన వేడి ఊపిరి, చుట్ట వాసన. "సేపలు కొనే ఐసుబండి ఎలిపోతంది, ఎత్తెయ్యే, ఎత్తెయ్." బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. అంతే. మిగతా రెండు వేళ్లూ లేవు.

పాపారావు చేతికి ఆ రెండు వేళ్లూ ఎప్పుడో బోటు ఇంజనులో పడి పోయాయి. ఆ రోజు అందరూ వెనక్కి తిరిగి చూసేలోగా ఆయన పట్టు వదిలి పక్కకి తప్పుకున్నాడు, ఆమె చెయ్యి మాత్రం పైనే బిగుసుకుపోయింది.

గాజులు పగలగొట్టిన రోజున ఆ మణికట్టు నల్లగా కమిలి ఉంది. గాజుల దెబ్బ కాబోలు అన్నారు ముసలమ్మలు. ఆమె కూడా అలాగే అనుకుంది. మొగుడు పోయిన మనిషి తన మణికట్టు ఎందుకు కమిలిందో ఎక్కడ ఆలోచిస్తుంది?

ముందు ఏడుపు రాలేదు. ఒళ్లంతా తేలికైపోయింది. నేను చంపలేదు, నేను కాదు, అనుకుంది. ఆ తేలిక ఇంకా గుండెదాకా దిగకముందే భయం పట్టుకుంది.

"మేడం, బోట్లొచ్చే ఏలైపోయింది. ఇయ్యాల మా వోణ్ణి పిలిసేది ఆయనే."

"మీరు ఆయనతో వెళ్లకండి. నేను ఆటో పిలుస్తాను."

"ఆటో సుట్టూ తిరిగి సేరేసరికి సీకటడిపోద్ది. బండైతే జీడితోటల్లోంచి అడ్డంగా పోద్ది. నాను ఎక్కకపోతే ఆయనకి తెలిసిపోద్ది మేడం. ఒక్కడే దిబ్బకాడికి ఎల్తాడు."

ఉషారాణి ఒక్క క్షణం ఆలోచించింది. "పేటలో మీరు నమ్మే మనిషి ఎవరైనా ఉన్నారా?"

ఉంది, పక్కింటి మోహిని. ఉషారాణి ఫోను కలిపి ఇచ్చింది. "ఆడోళ్లని ఎంటెట్టుకుని దిబ్బకాడికి రాయే. నీటికాడికి దిగొద్దు. దిబ్బ మీదే ఉండండి" అంది నూకరత్నం. ఎందుకని మోహిని అడిగింది గాని, ఆమె చెప్పకుండానే పెట్టేసింది. ఇంటికి చేరగానే తనకి ఫోను చెయ్యమని ఉషారాణి గుమ్మందాకా వచ్చి చెప్పింది.

కింద పాపారావు గ్లాసు పక్కన పెట్టాడు. "ఏటి సెప్పినావు?"

"ఏటీ నేదు బావా. ఊపిరి తియ్యమంది."

ఈసారి ఆయన అదే మంచిదని అనలేదు.

జీడితోటల దారిలో మనిషి జాడ లేదు. అద్దంలో ఆయన కళ్లు రోడ్డు మీదకంటే ఆమె మీదే ఎక్కువ ఉన్నాయి.

"సేతికేటయింది?"

"ఏటీ కాలేదు."

"ఎక్కిన కాడినుంచి మణికట్టు తడుముకుంటన్నావు."

ఆమె చెయ్యి కొంగు కింద దాచుకుంది. బండి నెమ్మదించింది. తోట మధ్యలో ఆపేస్తాడేమో అనుకుంది ఆమె. ఆపలేదు.

"కూకుని తవ్వితే మనిసికి ఏయేయో గురుతొత్తాయి రత్నం. అన్నీ నిజం కావు."

"ఊఁ."

"గుంటడు నీటి మీదున్నాడు. ఒడ్డుకి పిలిసేది నానే కదా. నువ్వేటీ బెంగెట్టుకోకు."

ఎవరు విన్నా ఓదార్పే అంటారు. నూకరత్నం మాత్రం మిగతా దారంతా బండి వెనక కడ్డీని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

పేట చేరేసరికి మూలపేట ఓడరేవు వైపు క్రేన్ల దీపాలు వెలుగుతున్నాయి. సముద్రం బూడిద రంగులో ఉబ్బి ఉంది. కెరటాలకి అవతల ధనుంజయ్ ఉన్న బోటు ఊగుతూ ఆగి ఉంది. దిబ్బ మీద మోహిని, నలుగురైదుగురు ఆడవాళ్లు.

వాళ్లని చూసి పాపారావు మొహం ముడుచుకున్నాడు. "ఇక్కడేటి మీకు? నీటికాడికెల్లి బోటు లాగండి."

"మొగోళ్లున్నారు గదా మావా" అంది మోహిని, కదలకుండా.

నూకరత్నం ఆయన భుజం మీది తువ్వాలు లాక్కుంది.

"నీ సెయ్యి నెగదు గదే!"

"ఆగమనడానికి నెగక్కర్లేదు బావా."

తువ్వాలు కిందికి వేలాడదీసి నిలబడింది. ఏడాది తర్వాత మళ్లీ ఆ నీళ్లని చూడటం. పాదాలు ఇసకలోకి ఆనించింది, ఉషారాణి చెప్పినట్టు. ఇసక, గాలి, బోటు. దగ్గరి నీళ్లు కాస్త సర్దుకున్నట్టున్నాయి గాని, దూరంగా ఒక గీత నల్లగా లేస్తోంది.

"ఇదే ఏల, ఎత్తు" అన్నాడు పాపారావు.

"ఎనకాల పెద్దదుంది."

"ఏటీ నేదు, సీకటడిపోతంది, ఎత్తు!"

తనకి కనబడనిది ఆమెకి కనబడుతోందన్న కోపమో, పేట ముందు ఆమె మాట నెగ్గుతుందన్న భయమో, ఆయన వెనకనుంచి వచ్చి మణికట్టు పట్టుకున్నాడు. అవే మూడు వేళ్లు. చుట్ట వాసన. పడిపోయిందనుకున్న చెయ్యి ఆయన బలంతో పైకి లేస్తోంది. ఆ రోజు భయంతో ఆమె పిడికిలి బిగించింది. ఈసారి విప్పేసింది. తువ్వాలు ఇసకలో పడింది.

"సూడండర్రా!" అని అరిచింది. "ఆ దినం నా సెయ్యి ఎత్తింది గూడా ఈ సెయ్యే!"

అందరూ చూశారు. వట్టి చెయ్యి గాల్లో ఉంది, దాన్ని పట్టుకుని పాపారావున్నాడు. ఎర్రగుడ్డ పైన కనబడక బోటు అక్కడే ఆగి ఉంది. నల్లగీత దగ్గరికొచ్చి, కొండలా లేచి, బోటు రావలసిన దారి మీద విరిగిపడింది. దిబ్బ అదిరింది. పాపారావు చెయ్యి తనంతట తనే జారిపోయింది.

ఇంకో రెండు పెద్దవి పోనిచ్చింది నూకరత్నం. నీళ్లు సర్దుకున్నాయి. వంగి తువ్వాలు తీసింది. భుజం దగ్గర చెయ్యి ఆగింది. ఊపిరి తీసింది, వదిలింది. నొప్పికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి గాని, చెయ్యి లేచింది. బోటు ఇంజను హోరెత్తింది.

ధనుంజయ్ తడిబట్టలతో, నవ్వుకుంటూ దిబ్బెక్కాడు. "నువ్వేనేటమ్మా ఎత్తింది? నీ సెయ్యి నెగిసిందా?" అంటూ ఆ చెయ్యి అందుకున్నాడు.

మణికట్టు మీద ఎర్రటి వాతలు తేలి ఉన్నాయి. నవ్వు ఆగిపోయింది. వాటి మీద తన వేళ్లు ఒక్కొక్కటీ ఆనించి చూసుకున్నాడు. రెండు వేళ్లు మిగిలిపోయాయి.

"ఎవుల్దమ్మా ఈ సెయ్యి?"

మోహిని తల తిప్పేసుకుంది. కొడుకు తలెత్తి పెదనాన్న వైపు చూశాడు. పాపారావు తన చెయ్యి పంచె మడతలో దాచుకుంటున్నాడు.