పళ్ళతొడుగు

మామగారి కట్టుడుపళ్ళు తోమి, కడిగి, ఆయన నోట్లో అమర్చడంతో చిన్నతల్లికి తెల్లవారుతుంది. ఆరేళ్ళుగా అంతే. పక్షవాతం వచ్చి కూర్మయ్య కుడిచెయ్యి పడిపోయిన రోజున, ఇక ఆ పళ్ళ పని ఎవరు చూడాలని ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ అడగలేదు. కొడుకు మోహనకృష్ణకి ఆ పళ్ళు చూస్తేనే వాంతి వస్తుందట. కూర్మయ్య భార్య గున్నమ్మకి చూపు ఆనదట. శ్రీకాకుళంలో కాపురమున్న కూతురు లక్ష్మణమ్మ పండక్కో పబ్బానికో వచ్చి, "మా నాన్న పళ్ళు ముత్యాల్లాగ ఉంచినావే సిన్నతల్లీ" అని మెచ్చుకుని, మధ్యాహ్నం భోంచేసి వెళ్ళిపోతుంది. మెచ్చుకోలుకేం, నోటిమాటే కదా. శ్రీకూర్మం పక్క ఊళ్ళో పొద్దున్నే ఈ పని ముగించుకుని, వంట చేసి, క్యారేజీలు కట్టి, ఆటో పట్టుకుని పట్నంలో బట్టలకొట్టుకి పరుగెత్తేది మాత్రం చిన్నతల్లే.

వంటింటి గూట్లో మామగారి పళ్ళగ్లాసు పక్కన రెండు నెలలుగా ఇంకో స్టీలుగ్లాసు చేరింది. అది చిన్నతల్లిది. అన్నం తినేటప్పుడు మాత్రం తన పళ్ళ మీదున్న తొడుగు తీసి ఆ గ్లాసులో నీళ్ళలో వేస్తుంది. పలచటి ప్లాస్టిక్కు, అద్దంలాంటిది, నీళ్ళలో వేస్తే ఉన్నట్టే తెలీదు. డాక్టరమ్మ దాన్ని రిటైనర్ అంటుంది. చిన్నతల్లికి తొడుగు అనడమే బాగుంటుంది.

ఆ తొడుగు కథ చెప్పాలంటే ఎత్తుపళ్ళ కథ చెప్పాలి. పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ అవి పళ్ళే. పెళ్ళిచూపుల రోజునే అవి ఎత్తుపళ్ళయ్యాయి. ఇదే కూర్మయ్య, ఇదే నోటితో, ఎదురుగా కూర్చున్న పిల్లకి వినబడేట్టు, "పళ్ళు ఎత్తుగున్నాయి గానీ మనిసి పనికొస్తాది" అన్నాడు. అందరూ నవ్వారు. పెళ్ళిఫోటోల్లో చూడండి, ఒక్కదాంట్లోనైనా పెళ్ళికూతురి పెదాలు విడలేదు. అప్పట్నుంచి నవ్వొస్తే కొంగు, మాటొస్తే అరచెయ్యి. కొట్లో పట్టుచీరల కౌంటరు దగ్గర ఎన్నడూ నిలబెట్టలేదు. "ముందర నవ్వుతూ చీర పరవాలమ్మా, నీకు వెనకాల లంగాగుడ్డలే సుఖం" అన్నాడు షావుకారు, మహా ఉపకారం చేసినట్టు. పదకొండేళ్ళు లంగాగుడ్డలే చింపింది.

అవన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒకటి జరిగింది. కూతురు రాణికి పదేళ్ళు అప్పుడు. బడి వార్షికోత్సవం ఫోటో తెచ్చింది. వరసగా నిలబడ్డ పిల్లలంతా నవ్వుతున్నారు, రాణి మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. పిల్ల పళ్ళు అచ్చు వాళ్ళ నాన్నవి, ఒక్కటి కూడా వంకర లేదు. "చెయ్యెందుకే అడ్డం?" అంటే, "ఆడోళ్ళు అలగే నవ్వాలి కదమ్మా" అంది. తన రోగం పిల్లకి అంటించేసింది కదా అని చిన్నతల్లికి రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు కొట్టు నుంచి తిన్నగా ఏడురోడ్ల కూడలి దగ్గరున్న పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

ముప్పయ్యారేళ్ళకి పళ్ళకి క్లిప్పులు! ఇల్లంతా నవ్వింది. "ఎవడు సూడాలనేటి ఈ సోకు?" అన్నాడు మోహనకృష్ణ. "పళ్ళకి ముళ్ళకంచేటే, మేకలొచ్చి మేసేత్తాయా?" అంది గున్నమ్మ. చోటు కావాలని డాక్టరమ్మ నాలుగు మంచి పళ్ళు పీకింది, పైన రెండు, కింద రెండు. పీకించుకుని వచ్చిన సాయంత్రం కూడా పొయ్యి ముందు నిలబడక తప్పలేదు. దూది కొరికిపట్టుకునే చేపలపులుసు పెట్టింది. ఉప్పెంతుందో రుచి చూడలేకపోయింది, దానికీ ఒక మాట పడింది. ప్రతి నెలా వెళ్ళి తీగ బిగించుకు వచ్చేది. మూడు రోజులు గంజి తాగేది. రెండేళ్ళు. ఆ క్లిప్పులు తీసిన రోజున డాక్టరమ్మ అద్దం ఇస్తే, చిన్నతల్లి ఒక్కో పన్నూ వేలితో తడిమి చూసుకుంది. ఇంటికొచ్చి రాణి ముందు నోరారా నవ్వింది. అదేం మాయో, నెల తిరక్కుండా పిల్ల చెయ్యి కూడా నోటి మీంచి జారిపోయింది.

"పళ్ళకి పాతచోటు గుర్తుంటుందమ్మా, సందు దొరికితే అక్కడికే పోతాయి" అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. "తిండి తినేటప్పుడు తప్ప ఏడాదిపాటు ఈ తొడుగు తియ్యకు. మొదటి ఆర్నెల్లూ మరీ జాగ్రత్త." చిన్నతల్లి దాన్ని మంగళసూత్రం కంటే జాగ్రత్తగా చూసుకుంది. అలా అన్నందుకు ఎవరైనా కోప్పడితే కోప్పడనివ్వండి, ఉన్నమాట అది. మంగళసూత్రం ఎవరో కడితే వచ్చింది. ఇది తను సంపాదించుకుంది.

మంగళవారం పొద్దున కూర్మయ్య పోయాడు. పళ్ళు వద్దని సైగ చేస్తే తీసి గ్లాసులో వేసి, చోడి అంబలి రెండు చెంచాలు పట్టింది. తాగాడు. మిగతాది తర్వాత పట్టొచ్చని వంటింట్లోకి వెళ్ళి, తన తొడుగు కూడా తీసి నీళ్ళలో వేసి, నిలబడే చద్దన్నం నాలుగు ముద్దలు నోట్లో వేసుకుంటూ ఉంటే గున్నమ్మ కేక వినబడింది. వెళ్ళి చూస్తే ఏముంది, అయిపోయింది.

గంటలో ఇల్లు నిండిపోయింది. లక్ష్మణమ్మ కారు దిగుతూనే తండ్రి మీద పడి ఏడ్చింది. అంతలో మోహనకృష్ణకి తండ్రి మొహం చూసి దుఃఖం పొంగుకొచ్చింది. "నాన్న పళ్ళేవి? బోసినోటితో పంపించీస్తామేటి?" అని అరిచాడు. పదిమంది పదివైపులా వెతికారు. మంచం కింద, దిండు కింద, బీరువాలో! ఆ పళ్ళు ఎక్కడుంటాయో ఆ ఇంట్లో ఒక్కరికి తెలిస్తే ఒట్టు. చిన్నతల్లే వెళ్ళి గ్లాసు తెచ్చి, బిగుసుకుంటున్న దవడ మెల్లగా విప్పి అమర్చింది. "మా నాన్న నవ్వుతున్నాడే" అని లక్ష్మణమ్మ మళ్ళీ ఏడ్చింది.

మధ్యాహ్నం రెండింటికి శవం గడప దాటింది. దాటీదాటగానే వీధిలోంచి ముసలమ్మలు కేకలు పెట్టారు. చావు జరిగిన ఇంట్లో నిలవనీళ్ళు ఉండకూడదు. బిందెలో, బకెట్టులో, చెంబులో చుక్క లేకుండా పారబోసి, ఇల్లు కడిగి, కొత్తనీళ్ళు పట్టాలి. "సిన్నతల్లీ, అన్నీ ఒంపీయమ్మా, గలాసులతో సహా ఒంపీ" అంది గున్నమ్మ, మూల కూర్చుని. కోడలు ఒంపింది. కాగు ఒంపింది, మూడు బిందెలు ఒంపింది, పెరట్లో తొట్టి ఒంపింది, గూట్లో గ్లాసులన్నీ పళ్ళెంలో పెట్టుకెళ్ళి ఒక్కొక్కటీ కాలువలో తలకిందులు చేసింది. పొద్దుట్నుంచి ఎంతమందికి మంచినీళ్ళిచ్చిందో, ఎన్ని బట్టలు తడిపిందో, తల తనది కాదు. తన చేతులతోనే, పని నేర్చిన చేతులతోనే ఒంపింది.

శ్మశానం నుంచి వచ్చినవాళ్ళంతా పెరట్లో స్నానాలు చేశారు. ముప్పయి మంది నీళ్ళు ఆ కాలువలోంచే వీధిలోకి పోయాయి. దీపం పెట్టి, అందరికీ వడ్డించి, తనూ రెండు మెతుకులు తిన్నాక నాలుక పైపళ్ళ మీదికి పోయింది. తొడుగు లేని పన్ను గరుకుగా తగిలింది. గూటి దగ్గరికి పరుగెత్తింది. గ్లాసులు తుడిచి బోర్లించి ఉన్నాయి. పెరట్లోకి పరుగెత్తింది. కాలువ బురదలో మోచేతుల దాకా చేతులు పెట్టి కెలికింది. కొబ్బరిపీచు, సబ్బుముక్క, పూలరెక్కలు. అంతే. ఆ బురదలోనే కూలబడి, చిన్నప్పుడు కూడా ఏడవనంత గట్టిగా ఏడ్చింది.

ఆడవాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు. చుట్టూ చేరి రెక్క పట్టుకుని లేవదీశారు. "ఓలమ్మా, మావ కోసరం ఎలగ ఏడస్తన్నాదో సూడండే!" "కూతురు కూడా ఇంతలాగ ఏడవనేదు." "సేవ సేసిన పేనం కదా, అలగే ఉంటాది." లక్ష్మణమ్మ వచ్చి గుండెకి హత్తుకుంది. చిన్నతల్లి నోరు తెరిచింది. చెప్పేద్దామనే తెరిచింది. అన్ని కళ్ళు అంత ప్రేమగా తన మీద ఉండడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. నోరు మూసుకుంది. మూసుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు పెరట్లో బట్టలుతుకుతూ క్లినిక్కుకి ఫోన్ చేసింది. "రెండు మూడ్రోజుల్లో వచ్చీండమ్మా, అచ్చు తీసి కొత్తది చేసిస్తారు. ఆలస్యమైతే పళ్ళు కదిలిపోతాయి, మళ్ళీ క్లిప్పులే" అంది అక్కడి అమ్మాయి. ఆటోలో అరగంట దూరం. అచ్చు తియ్యడానికి పది నిమిషాలు. మొగుణ్ణి అడిగింది. మోహనకృష్ణ ఒక్కక్షణం ఆమెని ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూశాడు.

"మా నాన్న సితి ఆరనేదు. నీకు పళ్ళు కావాలేటి?"

"అరగంటలో వచ్చీస్తాను."

"మైల ఉన్నాది. ఇంటికోడలివి. పన్నెండురోజులూ గుమ్మం దిగకు. సిగ్గుండాలి."

సిగ్గు ఉంది కాబట్టే ఆగింది. అతని దుఃఖం అబద్ధం కాదు, అదే చిక్కు. తండ్రి పోయినవాడి ముందు ప్లాస్టిక్కు తొడుగు గురించి ఏ మొహం పెట్టుకుని మాట్లాడుతుంది? తను నిజంగానే రాయిలాంటి మనిషేమో అనుకుంది. ఆరేళ్ళు ఆయన మలం ఎత్తింది, మూత్రం ఎత్తింది, ఆయన కోసం ఒక్క కన్నీటిబొట్టు రాలేదేం? వెతుక్కుంది లోపల. ఏమీ దొరకలేదు. అలసట దొరికింది. ఇక రేపట్నుంచి పక్కబట్టలు ఉతకక్కర్లేదన్న చిన్న తేలిక దొరికింది. దానికి మళ్ళీ భయపడింది.

నాలుగోరోజుకి కోరపన్ను పక్కన, పీకిన పన్ను చోట, ఆవగింజంత సందు తగిలింది నాలుకకి. అయిదోరోజుకి ముందుపన్ను ఒకటి కాస్త పక్కకి తిరిగినట్టనిపించింది. వచ్చిపోయే చుట్టాలకి వడ్డిస్తూ, అంట్లు తోముతూ, నాలుకతో అదే పని. ముందుపళ్ళని బొటనవేలితో లోపలికి నొక్కిపట్టుకుని నిలబడేది, అలా పట్టుకుంటే ఆగుతాయన్నట్టు. చేతులు రెండూ పనికే చాలవాయె, పళ్ళు పట్టుకోడానికి మూడో చెయ్యెక్కడ? ఎవరైనా చూస్తే కళ్ళు తుడుచుకునేది. చూసినవాళ్ళు, "ఇంకా తేరుకోనేదు పాపం" అనేవాళ్ళు. రెండేళ్ళ గంజి, దూది, మాటలు, నాలుగు మంచిపళ్ళు, అన్నీ నోట్లోనే, ఆమె చూస్తూ ఉండగానే, మెల్లగా వెనక్కి నడిచిపోతున్నాయి. ఇంతకంటే పెద్ద చావు ఆ ఇంట్లో జరగలేదని చిన్నతల్లికి అనిపించింది. అనిపించినందుకు ఈసారి భయం వెయ్యలేదు. కోపం వచ్చింది.

ఆరోరోజు పదకొండు గంటలకి పాతపట్నం నుంచి లక్ష్మణమ్మ అత్తవారి తరఫు వాళ్ళొచ్చారు. ఇరవైమంది దాకా వసారాలో కూర్చున్నారు. చిన్నతల్లి టీలు తెచ్చింది. లక్ష్మణమ్మ ఆమె చెయ్యి పట్టుకుని అందరి మధ్యకీ లాగి, వాళ్ళతో వచ్చిన తన కొత్తకోడలి వైపు చూస్తూ, "కోడలంటే ఇలగుండాల. మా నాన్న కోసరం బురదలో పడి దొర్లి ఏడిసినాది. ఇంకా కళ్ళు తడారనేదు సూడండి" అంది. ఆ కొత్తకోడలు తల దించుకుంది. అందరూ చిన్నతల్లి వైపు చూశారు. మోహనకృష్ణ కళ్ళు కూడా చెమర్చాయి.

చిన్నతల్లి టీపళ్ళెం కింద పెట్టింది.

"నాను మావ కోసరం ఏడవనేదు వదినా. నా పళ్ళతొడుగు కోసరం ఏడిసినాను."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు.

"నీళ్ళు ఒంపీమన్నారు, ఒంపీసినాను. అందులో పోనాది. పళ్ళు కదిలిపోతన్నాయి. ఆరురోజులనుంచీ దానికోసరమే ఏడస్తన్నాను. మావకి సేయాల్సినదంతా బతికుండగానే సేసీసినాను, నాకాడ ఇంకేటీ మిగల్నేదు. ఇప్పుడు ఎల్తన్నాను. కొత్తది అవుతాదో, మళ్ళీ క్లిప్పులే ఎయ్యాలో, డాక్టరమ్మ సెప్తాది. మళ్ళీ ఎయ్యాలంటే ఎయ్యించుకుంటాను."

మోహనకృష్ణ లేచాడు. "బుద్ధుందా నీకు? ఇంతమందిలో... మా అమ్మ ముందర..." తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వైనా సెప్పు. మైలలో గుమ్మం దిగుతానంటాది. నువ్వు సెప్పు దీనికి."

చాపమీద కూర్చున్న గున్నమ్మ తలెత్తింది. అరవైఏళ్ళు దాటిన మొహం, రూపాయంత బొట్టు, మోచేతి దాకా ఆకుపచ్చ మట్టిగాజులు. ఆ గాజుల్ని ఒక చేత్తో మెల్లగా పైకీ కిందకీ తిప్పుకుంది.

"ఎల్లనీరా. పదోనాడు ఈ గాజులు బద్దలుగొట్టీసి, బొట్టు సెరిపీత్తారు. నాను మాత్రం మీ అయ్య కోసరం ఏడిసినాననుకున్నావేటి?"